ఇక్కడ నవ్వాలి

నా గది, సైకిల్ షాపు మేడ మీద
వానలు మొదలైన వారం

పిన్నీ,

నేను ఫోను ఎత్తడం లేదని కోపంగా ఉన్నావని తమ్ముడు చెప్పాడు. ఫోనులో అవతలి మనిషి మాట పూర్తయ్యేలోపే ఇవతల జవాబు సిద్ధంగా ఉండాలి. ప్రస్తుతం నా దగ్గర సిద్ధంగా ఏమీ లేదు. అందుకే ఉత్తరం.

జరిగింది చెప్తాను. కిందటి నెల ఒక పొద్దున హోటల్లో రిసెప్షన్ బల్ల వెనక నిలబడి ఉన్నాను. పెట్టె లాక్కుంటూ ఒకాయన వచ్చాడు. నేను "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడగాలి. ఏళ్ల తరబడి అడుగుతున్న మాటే. నోరు తెరిచాను, రాలేదు. పైన లైటు గుయ్యిమంటోంది, లిఫ్టు గంట మోగింది, ఆయన పూసుకున్న సెంటు వాసన ముక్కులోకి దూరింది. అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. ఆయన మళ్లీ ఏదో అన్నాడు. నేను అలాగే నిలబడిపోయాను. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి. మేనేజరు పక్షవాతం అనుకుని అంబులెన్సుని పిలిచాడు.

పక్షవాతం కాదు. ఆసుపత్రి డాక్టరు నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. ఈవిడ కొన్ని వారాలపాటు ఓపిగ్గా ప్రశ్నలడిగి, నాది ఆటిజమని తేల్చింది. జబ్బు కాదట. పుట్టుకతోనే నా మెదడు పనిచేసే తీరు వేరట. "ఇన్నేళ్లూ ఎవరికీ తెలియకుండా ఎలా నెట్టుకొచ్చారండీ?" అని ఆశ్చర్యపోయింది. "మా పిన్ని నాటకాల్లో ప్రాంప్టరండీ" అన్నాను. నవ్వబోయి ఆగిపోయింది.

అలిసిపోయాను పిన్నీ. రోజూ డ్యూటీ దిగి గదికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా నేల మీద పడుకునేదాన్ని. లేచి అన్నం తినాలన్నా ఓపిక ఉండేది కాదు. అందరికీ ఇంతేనేమో, నేనే బద్ధకస్తురాలినేమో అనుకునేదాన్ని.

అమ్మ పోయాక నన్ను తీసుకెళ్లి పెంచావు. రోజూ సాయంత్రం మర్నాడు మాట్లాడాల్సిన మాటలు నాచేత వల్లె వేయించావు. కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమన్నావు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో చెప్పావు. నా సంగతి నీకు తెలుసా? తెలిసే చేశావా?

నీ
గడియారం


వంటింటి బల్ల దగ్గర నుంచి

గడియారం తల్లీ,

అంబులెన్సు ఎక్కేదాకా వస్తే నాకు నెల తర్వాత చెప్తావా? పరాయిదాన్నా నేను? ఉత్తరం చదువుతూ పొయ్యి సంగతి మర్చిపోయాను. కూర మాడిపోయింది. మీ తమ్ముడు మాడిన కూర తిని బాగుందన్నాడు. వాడి పరధ్యానం వాడిది.

ఇక ఆ డాక్టరమ్మ పెట్టిన పేరు. పేరు పెట్టినంత మాత్రాన మనిషి మారిపోతుందా? నిన్న ఎవరివో ఇవాళా నువ్వే. కాస్త బిడియం, కాస్త మొండితనం, చప్పుడు గిట్టదు, నీకు గడియారమని పేరొచ్చినట్టే అన్నీ వేళకి జరగాలి. మా రోజుల్లో దాన్ని స్వభావం అనేవాళ్లు. సెలవు పెట్టి, వేళకి తిని పడుకో. అదే సర్దుకుంటుంది.

తెలిసే చేశావా అని అడిగావు. ఏం చేశానే? మాట అందించాను. నాటక సమాజంలో నా బతుకంతా అదే పని. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, వేషగాడు మాట మర్చిపోతే జనానికి వినపడకుండా వాడికి మాత్రమే వినపడేలా చెప్పడం. నేనున్నంత కాలం స్టేజీ మీద ఒక్కడూ నోరు తెరుచుకుని నిలబడిపోలేదు. నిన్నూ నిలబడనివ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా?

అదలా ఉంచు, నీతో పని పడింది. నీ మేనకోడలు గువ్వకి ఆరో ఏడు వచ్చింది. తమ్ముడూ మరదలూ ఆఫీసులకి పోతే పగలంతా నా దగ్గరే ఉంటుంది. అచ్చం నువ్వే. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరుతుంది. చెంచాలన్నీ పొడుగు ప్రకారం పేర్చి, ఒక్కోదాన్నీ నేలకి తట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. పిలిస్తే పలకదు గానీ తనలో తను కూనిరాగం తీస్తూనే ఉంటుంది. వచ్చే నెల దానికి పెద్ద బడిలో ఇంటర్వ్యూ. ఆ బడిలో సీటంటే గగనం. నేను అప్పుడే రిహార్సళ్లు మొదలెట్టేశాను.

నువ్వొచ్చి ఓ నాలుగు రోజులుండి హెడ్‌మిస్ట్రెస్ వేషం కట్టకూడదూ? రిహార్సలుకి కొత్త మొహం ఉంటే మంచిది. నా మొహం చూసి చూసి దానికి భయం పోయింది.

మీ పిన్ని


హోటలు, దుప్పట్ల గది నుంచి

పిన్నీ,

నేను రాను. నువ్వూ ఆ రిహార్సళ్లు ఆపెయ్.

ఈ ఉత్తరం దుప్పట్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఉతికి మడతపెట్టిన దుప్పట్లు గోడ పొడుగునా ఉంటాయి కాబట్టి ఇక్కడికి బయటి చప్పుడు రాదు. మధ్యాహ్నం అన్నం ఇక్కడే తింటున్నాను. లాండ్రీ సూపర్వైజరు చూసింది. మర్నాటికి ఒక స్టూలు వేసి పెట్టింది.

మేనేజరుతో డాక్టరు చెప్పిన మాట చెప్పాను. రిసెప్షన్ నుంచి మార్చి, వెనక గదిలో బుకింగులు చూసే పని ఇవ్వమన్నాను. ఆయన పగలబడి నవ్వి, "మీకా! మీరు మా అందరికంటే బాగా మాట్లాడతారు కదండీ! కస్టమర్లంతా మిమ్మల్నే మెచ్చుకుంటారు" అన్నాడు. చూశావా, నువ్వెంత బాగా నేర్పావో? సాయం అడిగితే నమ్మేవాడు లేడు. మునిగిపోతున్నదాన్ని చూసి ఈత బాగా కొడుతోందని మెచ్చుకుంటున్నారు.

ఎవరు ఎదురుపడ్డా నా మాటకంటే ముందు నీ గుసగుస వినపడుతుంది. 'ఆగు. ఇప్పుడు తల ఊపు. చేతులు నలపకు. ఇక్కడ నవ్వాలి.' ఆ తర్వాతే నేను మాట్లాడతాను. రోజూ ప్రతి మనిషితో ఇదే తంతు. నాటకం అయిపోయాక వేషగాడు ఇంటికెళ్లి రంగు కడుక్కుంటాడు కదా, నాకు ఏది రంగో ఏది చర్మమో తెలియడం లేదు. నాకేమిష్టమని డాక్టరు అడిగితే, ఏం చెప్తే బాగుంటుందా అని ఆవిడ మొహంకేసి చూశాను.

దానికి ఆరేళ్లు, పిన్నీ. నాలా చెయ్యకు. నిన్ను బతిమాలుతున్నాను.

గడియారం


ఇంటి నుంచే, ఇంకెక్కడికి పోతాను

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. చదివాను.

నీకు ఆరేళ్లప్పుడు బడిలో జరిగింది నీకు గుర్తుండదు. నేను తీసుకురావడానికి వెళ్లేసరికి నిన్ను గోడకేసి తిప్పి కూర్చోబెట్టి ఉన్నారు. పిలిస్తే పలకదు, మొండిఘటం, ఈ పిల్ల మా బడికి పనికిరాదు అన్నారు. పిల్లలందరూ చూస్తున్నారు. నువ్వు గోడ మీద పెచ్చులు గిల్లుతూ కూర్చున్నావు. నాకు ఒళ్లు మండిపోయింది. లోకంతో పోట్లాడి దాన్ని మార్చే బలం నాకుందా? నాకున్నవి మాటలు. ఉన్నది పెట్టాను. లేనిది ఎక్కడ నుంచి తేను?

ఆ మాటలతోనే చదువుకున్నావు, ఆ మాటలతోనే ఉద్యోగం చేస్తున్నావు. ఇవాళ అవే నీకు ముళ్లయ్యాయి. సరే. కన్నవాళ్లకే తప్పదు ఈ నింద, పెంచినదాన్ని నాకు తప్పుతుందా?

గువ్వ సంగతి నాకు వదిలెయ్. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. నీకంటే చురుకు, విన్నది విన్నట్టు పట్టేస్తుంది. ఒక్క వారంలో అది చెప్పాల్సిన మాటలన్నీ, మొత్తం భాగం వచ్చేసింది. మీ మరదలు మురిసిపోయి ఆఫీసులో అందరికీ చెప్పిందట. రాత్రిళ్లు పక్క తడుపుతోంది, అది చిన్నపిల్లల్లో మామూలే. కూనిరాగం కూడా మానేసింది. అదీ ఒకందుకు మంచిదే, బడిలో ఆ రాగాలు ఊరుకోరు.

ఆరోగ్యం చూసుకో.

పిన్ని


నా గది, కిటికీ మూసుకుని

పిన్నీ,

కోపంలో రాశాను. నువ్వు లేకపోతే ఆ గోడకేసే కూర్చుని ఉండేదాన్నని నాకు తెలుసు. నీకు చేతనైనదంతా చేశావు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నువ్వు అప్పుడు గోడకేసి తిప్పిన వాళ్లని మార్చలేక నన్ను మార్చావు. ఇప్పుడు ఇంకో దారి ఉంది. అదే చెప్తున్నాను.

గువ్వ కూనిరాగం మానేసిందని, పక్క తడుపుతోందని రాశావు. అది మంచిది కాదు. నేనూ ఒకప్పుడు ఏదో ఒకటి మానేసే ఉంటాను. అదేమిటో నాకు తెలియదు, నీకూ గుర్తుండదు. దానిదైనా పోనివ్వకు.

అది చెడ్డ పిల్లా కాదు, తెలివిలేని పిల్లా కాదు. దానికి మనకంటే చప్పుడు ఎక్కువ వినపడుతుంది. అడిగిన ప్రశ్న దాని లోపలికి వెళ్లి జవాబై రావడానికి కొంచెం సమయం కావాలి. ఆలోగా మనం మళ్లీ అడిగితే మొదటికొస్తుంది. మొహంలోకి చూడకపోయినా అది వింటూనే ఉంటుంది. ఇదంతా బడివాళ్లకి ముందే చెప్పండి. తలుపు దగ్గర కూర్చోబెట్టమనండి. గంట కొట్టే ముందు దానికి చెప్పమనండి. అంతకంటే ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. మందు కోసం కాదు, మనకి తెలియడం కోసం.

నన్ను వెనక గదికి మార్చారు. డాక్టరు స్వయంగా రాసిచ్చాక మేనేజరు నమ్మాడు. లాండ్రీ సూపర్వైజరు నాతో ఏమైనా చెప్పాలంటే చీటీ మీద రాసి బల్ల మీద పెట్టి పోతుంది. నేను నవ్వనవసరం లేదు. అయినా అలసట పోలేదు. ఇది ఒక్కసారి పడుకుని లేస్తే తీరేది కాదట, చాలాకాలం పడుతుందట. నిన్న సెలవు. రోజంతా గోడకేసి చూస్తూ గడిపేశాను. ఎవరూ తిప్పి కూర్చోబెట్టలేదు, నేనే.

గడియారం


బాల్కనీలో, ఆరేసిన బట్టల కింద నుంచి

తల్లీ,

ఇంటర్వ్యూ అయింది. ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు కాబట్టి నీకు రాస్తున్నాను.

నీ మాట నేను వినలేదు. బడివాళ్లకి ముందుగా ఏమీ చెప్పలేదు. పొద్దున దారి పొడుగునా ఒకసారి భాగం అప్పచెప్పించుకుని మరీ లోపలికి తీసుకెళ్లాను. తమ్ముడూ మరదలూ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. నేను వెనక గోడ పక్కన. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడలాగే ఉంది. "నీ పేరేంటమ్మా?" అంది.

మన గువ్వ నిటారుగా నిలబడి, "ఒక్క క్షణం ఆగు. కనుబొమల మధ్య చూడు. ఇక్కడ నవ్వాలి. నా పేరు గువ్వ" అంది.

అన్నీ పైకే అనేసింది. నా గొంతుతో, నా సాగదీతతో, మధ్యలో నా దగ్గుతో సహా. నేను ఇన్నాళ్లూ చెప్పిన సూచనలూ మాటలూ దానికి వేరు కావు కదా, అంతా భాగమే అనుకుంది. పక్కనున్న టీచరు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు? నాటకాల్లో కొత్త వేషగాళ్లు అప్పుడప్పుడూ చేసే తప్పే అది.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వాపుకుని, "నీకేమంటే ఇష్టం?" అంది.

"బొమ్మలని చెప్పు. చెంచాల సంగతి ఎత్తకు. నాకు బొమ్మలంటే ఇష్టం" అంది గువ్వ.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అది వెనక్కి తిరిగి నాకేసి చూసింది, తర్వాతి మాట కోసం. వేషగాళ్లు తెర పక్కకి అలాగే చూసేవాళ్లు. నాకు మాట రాలేదు. నీకు హోటల్లో ఎలా అయిందో ఇప్పుడు తెలిసింది. కాసేపటికి లేచి నిలబడి, నా జన్మలో మొదటిసారి జనానికి వినపడేలా మాట్లాడాను. "అమ్మా, ఇవన్నీ నేను నేర్పిన మాటలు. దీనికి చెంచాలంటేనే ఇష్టం. బొమ్మలంటే పడదు. చప్పుళ్లు భరించలేదు, జవాబుకి సమయం కావాలి" అని, నువ్వు రాసినదంతా చెప్పేశాను.

ఆవిడ ఓపిగ్గా వింది. ఇలాంటి పిల్లల్ని చూసుకునేవాళ్లు మా బడిలో లేరు, క్షమించండి అంది. సీటు రాలేదు.

బయటికొచ్చాక మీ మరదలు వెక్కివెక్కి ఏడ్చింది. "మీరు నోరు మూసుకుని కూర్చుంటే దానికి సీటొచ్చేది అత్తయ్యా" అంది. నిజమే కావచ్చు. జీవితమంతా నోరిప్పకుండా పనిచేసినదాన్ని, ఆ ఒక్క రోజూ ఆగలేకపోయాను. మీ తమ్ముడు బండి తాళం ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు.

ఈ బాల్కనీలో కూర్చుని ఒక సంగతి ఆలోచిస్తున్నాను. నాటక సమాజంలో చేరిన కొత్తలో నాకూ వేషాలిస్తామన్నారు. వద్దని పట్టుబట్టి చీకట్లో నిలబడే పని అడిగి తీసుకున్నాను. అక్కడైతే నా మొహం ఎవరూ చూడరు, ఎవరేం మాట్లాడాలో ముందే రాసి ఉంటుంది. అంతకంటే సుఖమైన చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు. అలా ఎందుకో ఎన్నడూ ఆలోచించలేదు. నువ్వూ నన్ను అడగకు, ఇప్పుడు ఓపిక లేదు.

పిన్ని


హోటలు, వెనక గది నుంచి

పిన్నీ,

అడగను.

ఆ గదిలో నువ్వు లేచి నిలబడ్డావని చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నా చిన్నప్పుడు కూడా ఒక్కసారి అలా లేచి ఉంటే అనిపించింది. ఆ వెంటనే, అప్పుడు నీ పక్కన ఎవరున్నారు అనిపించింది. రెండూ నిజమే, రెండూ ఉండనీ.

మరదలికి నేను విడిగా రాశాను. తన మీద కోపం పెట్టుకోకు. తనకి భయం. నా డాక్టరు పేరూ చిరునామా పంపాను. పిల్లల్ని చూసేవాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

బడి ఒక్కటే లేదు కదా. చిన్న బడి చూడండి. ఈసారి ముందే అన్నీ చెప్పి వెళ్లండి. దాన్ని మాత్రం ఉత్తచేతులతో తీసుకెళ్లు. ఒక్క మాట కూడా నేర్పకు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు.

గడియారం


చిన్న బడి ఎదురుగా బస్‌స్టాపు బెంచీ

తల్లీ,

మీ తమ్ముడు బండి ఎక్కడ ఆపాడో మర్చిపోయి వెతుక్కుంటున్నాడు. వాడొచ్చేలోగా రాసేస్తాను. గువ్వని చూసిన డాక్టరు దానిది ఆటిజమేనంది. తండ్రిని కూడా ఒకసారి రమ్మంది, పెద్దవాళ్లలోనూ ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒక్కచోట నిలవకపోవడం, ఉంటుందట. వాడు వెళ్లాల్సిన రోజు మర్చిపోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇన్నాళ్లూ వాడిని ఎన్ని తిట్లు తిట్టానో.

మరదలు నెల రోజులు బడి కోసం ఎక్కే గడపా దిగే గడపా. రెండు బడులవాళ్లు సంగతి వినగానే తలుపు దగ్గర నుంచే పంపేశారు. ఇది మూడోది. గదులు చిన్నవి, గోడలకి రంగు లేదు. టీచరుకి నాకున్నంత అలసట మొహం. అన్నీ ముందే చెప్పాం. "చూద్దాం, మాకూ అంతగా తెలియదు. నేర్చుకోవాలి" అంది. ఆ మాట నాకు నచ్చింది.

లోపల గువ్వని పేరడిగింది. గువ్వ నాకేసి చూసింది. నేను చేత్తో నోరు మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను, గట్టిగా. మాట నాలుక చివరికొచ్చి తన్నుకుంటోంది. గువ్వ నాకేసి చూస్తూనే ఉంది. స్టేజీ మీద అంతసేపు ఎవరైనా ఆగితే జనం ఈలలు వేసి కుర్చీలు విసిరేవాళ్లు. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. ఈ టీచరు మళ్లీ అడగలేదు. కలం కింద పెట్టి కూర్చుంది.

గువ్వ మెల్లగా బల్ల కిందకి దూరింది. అయిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను.

బల్ల కింద నుంచి "ఫ్యాను" అని వినపడింది.

పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. టీచరు లేచి ఆపేసింది. అందరికీ చెమటలు పడుతున్నాయి. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి కింద నుంచి మళ్లీ ఒక గొంతు. ఆ గొంతు నాది కాదు. కాస్త బొంగురుగా, నిదానంగా ఉంది. ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి నేను దాన్ని సరిగ్గా వినలేదు.

"పేరు చెప్పాలా?"

"చెప్పాలనిపిస్తే చెప్పు" అంది టీచరు.

"ఇవాళ అలిసిపోయాను. రేపు చెప్తాను."

తల్లీ, ఆ మాట అనడం నాకూ రాలేదు, నీకూ నేర్పలేదు. ఆ పిల్లకి ఎవరూ అందించలేదు.

టీచరు వంగి బల్ల కిందకి చూసి, "సరే. అయితే రేపు రా" అంది.

మీ పిన్ని